తేటగా కనిపించిన వెన్నునీరు

శిష్యులేదైనా అడిగితే పేరిందేవి గారు వెంటనే బదులిచ్చేవారు కాదు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ మైక్రోస్కోపులోకి వంగిపోయేవారు. ఆ క్యాన్సర్ ఆసుపత్రి ల్యాబులో ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్న యశోధర ఒకనాడు ఉండబట్టలేక అడిగింది: "ఎంత వెతికినా కనిపించనిదాన్ని లేదనడానికి మీకెందుకమ్మా అంత జంకు?"

ఆవిడ నవ్వి, ఇంకో గాజుపలక అందుకున్నారు.

ఆ మధ్యాహ్నమే వార్డు నుంచి సుగుణ అనే పిల్ల వెన్నునీరు, వెన్నుపూసల మధ్యనుంచి సూదితో తీసిన నీరు, వచ్చింది. రక్త క్యాన్సరుకు మందు వాడుతున్న పిల్ల. జబ్బు ఆ నీటిలోకి పాకలేదని తేలితే ఆ పూటే ఇంటికి పంపేస్తారు. తల్లి అప్పుడే సంచీ సర్దేసుకుని, ల్యాబు గుమ్మంలో నిలబడి, లోలోపలే ఏదో దేవుణ్ణి తలుచుకుంటోంది.

యశోధర నీటిని యంత్రంలో గిర్రున తిప్పి, అడుక్కి చేరినదాన్ని గాజుపలక మీద పరిచి, రంగు వేసి మూలమూలా గాలించింది. చెడ్డ కణం ఒక్కటీ లేదు. ప్రాణం లేచివచ్చి గుమ్మంవైపు కదలబోయింది.

"నడుములోంచి ఎప్పుడు తీశారుట?" అన్నారు పేరిందేవి గారు తల ఎత్తకుండానే.

"పొద్దున్నే. అందరివీ తీశాక ఒకే ట్రేలో పంపడం వాళ్ళకలవాటు కదమ్మా."

ఆవిడ చెయ్యి ఆగింది. "ఆ నీళ్ళల్లో కణాలు ఎంతోసేపు నిలవవే అమ్మాయ్, కరిగిపోతాయి. నువ్వు చూసింది లేకపోవడాన్నా, ఆలస్యాన్నా?"

యశోధర గుమ్మం దాకా వెళ్ళకుండానే ఆగిపోయింది. "అయితే పిల్లకి మళ్ళీ సూదా? ఆ తల్లి మొహం ఎలా చూడను?"

"చూడకుండా ఎలా అడుగుతావు?"

వెళ్ళి అడిగింది. తల్లి సంచీ కింద పెట్టింది. వార్డులో సుగుణ మాత్రం, "ఈసారి నువ్వు పొడిపించుకో అక్కా, నీకూ ఉంటాయిగా నీళ్ళు!" అని దెప్పి, ఏడుస్తూనే మోకాళ్ళు ముడుచుకుని పక్కకి తిరిగి పడుకుంది.

డాక్టరు గుచ్చిన సూదిలోంచి గాజుగొట్టంలోకి చుక్కలు పడటం ఆగగానే యశోధర ఆ గొట్టాన్ని తానే పట్టుకుని ల్యాబుకు పరుగెత్తింది. సగం గాజుపలకకు పోయింది. మిగతా సగంలోని కణాలకు మెరిసే రంగులంటించి, లేజరు కాంతిలో ఒక్కొక్కదాన్నే దాటించే యంత్రానికిచ్చింది. తెరమీద ఓ మూల చిన్న చుక్కల గుంపు తేలింది. పలక మీదా అవే చెడ్డ కణాలు.

"పాకిందమ్మా," అంది యశోధర. "శుభవార్త చెప్పబోయాను ఆ తల్లికి!"

పేరిందేవి గారు తెరమీది చుక్కల్ని లెక్క చూశారు. "ఇంకా కొద్దిగానే ఉన్నాయి, వేళకి దొరికాయి. మందు నేరుగా ఆ నీళ్ళల్లోకే ఎక్కిస్తారు," అని లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకున్నారు. "ఆ శుభవార్తేదో ఇప్పుడు చెబుదాం, పద."