కోడి కొట్టి చూసిన గోడ

మబ్బుకొండకి చలి వచ్చిందంటే మూడు నెలలు కదలదు. పొద్దెక్కేదాకా పొగమంచు, పొద్దువాలకముందే మళ్ళీ పొగమంచు. అందుకని కొండ నడుమనున్న పెద్ద గుంటలో జంతువులన్నీ నెగడు చుట్టూ చేరి, ఉన్నవీ లేనివీ చెప్పుకుంటూ కాలం గడిపేవి. నెగడుకి కట్టెలు తెచ్చేవాడు నక్క జంబయ్య. ఊరికే తెస్తాడా? మోపు దించినప్పుడల్లా ఎవరి దగ్గర ఏది ఉంటే అది పట్టుకుపోతాడు. కోడి నూకాలు దగ్గర ఉండేవి గుడ్లే కాబట్టి గుడ్లు పట్టుకుపోయేవాడు.

వెచ్చదనానికి లోటు లేదు, పొగతోనే చావు. గుంటలో పుట్టిన పొగ గుంటలోనే తిరిగి అందరి ఒంటి మీదా మసిగా కూర్చునేది. తెల్ల కుందేలు తెల్లగా ఉండేదని చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. పోయిన చలికాలం నూకాలు పిల్లల్లో ఒకటి దగ్గి దగ్గి ప్రాణం వదిలింది. ఈసారి ఆమెకు ఏడు పిల్లలు. వాటిలో అన్నిటికన్నా చిన్నది అప్పుడే దగ్గు మొదలుపెట్టింది. ఆ దగ్గు విన్నప్పుడల్లా నూకాలుకి పోయిన పిల్లే గుర్తుకొచ్చేది.

అదిగో, అప్పుడే గాడిద పోలయ్య ఓ కబురు తెచ్చాడు. పదేళ్ళు కుండలు కాల్చే కుమ్మరి ఆవం దగ్గర మట్టి మోసి, ముసలితనంలో కొండెక్కినవాడు పోలయ్య.

"కొండ వెనక వాలులో ఉడుకురాయి ఉంది. కట్టె అడగదు, పొగ వదలదు, మన మనవల కాలం దాకా చల్లారదు. దాని చుట్టూ మందంగా గోడలు కడదాం. రాయిని తాకిన నీళ్ళు లోపలే ఉంటాయి. గోడ అవతల తిరిగే నీళ్ళు వేడెక్కి, మట్టి గొట్టాల్లో మన గుంట కిందకి వస్తాయి" అన్నాడు.

జంబయ్య చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"ఆ రాయి సంగతి నేను చెప్పనా? ముంగిస దాన్ని కావలించుకుని పడుకుంటే నెల తిరక్కుండా బొచ్చంతా రాలిపోయి మూలపడ్డాడు. అదే పగిలిందనుకో, కొండకి కొండే లేచిపోతుంది. పిల్లల తల్లివి నూకాలక్కా, ఆలోచించుకో మరి."

నూకాలు పిల్లల్ని రెక్కల కిందకి లాక్కుంది. "ముంగిస మాట నిజమేనా పోలయ్యన్నా?"

"నిజమేనమ్మా. గోడ లేదు, దూరం లేదు, ఏకంగా ఒళ్ళో పెట్టుకున్నాడు. అందుకేగా గోడ అంటున్నాను."

"గోడ బీటలిస్తే?"

"దాని బయట ఇంకోటి. దాని బయట మరోటి."

"వాడేసిన రాళ్ళని ఏం చేస్తాం?"

"జాడీల్లో పెట్టి, మూత మెత్తి, లోతుగా పాతాలి. మన తరవాతి వాళ్ళూ వాటికి కాపలా కాయాలి. కష్టం లేదని నేనననమ్మా. కానీ అవి పెట్టిన చోట పడుంటాయి. నెగడు పొగ ఎక్కడికి పోయి కూర్చుంటోందో నీ చిన్నదాన్ని అడుగు."

ఆ మాటకి నూకాలుకి కోపం వచ్చింది. నిజం కాబట్టి ఇంకా ఎక్కువ వచ్చింది.

"గాడిదకేం తెలుసు గంధం వాసన!" అన్నాడు జంబయ్య. గుంటంతా నవ్వింది. నవ్విన ప్రతివాడూ ఆ వెంటనే దగ్గాడు.

పెద్దరికం చేసే ఎలుగు గొంతు సవరించుకుని, "నెగడు మన తాతలనాటిది పోలయ్యా. తెలియని దాని జోలికి ఎందుకు?" అన్నాడు.

"నా మాట నమ్మొద్దు పెద్దయ్యా. సంతలో కుండ కొనేవాళ్ళు కుమ్మరి మొహం చూసి కొంటారా? వేలితో కొట్టి చూసి కొంటారు. చిన్న రాయికి చిన్న గోడలు కడతాను. వచ్చి కొట్టి చూడండి. డొల్లగా మోగితే నేనే తన్ని కూల్చేస్తాను."

"కట్టుకో, మా సొమ్మేం పోయింది" అన్నాడు ఎలుగు.

పోలయ్య మూడు గోడలూ కట్టి పక్షం రోజులు దాటినా ఒక్కరూ అటు పోలేదు. నూకాలూ పోలేదు. చివరికి ఓ పొద్దున చిన్నది నూకలు కూడా ముట్టుకోలేదు. అప్పుడు నూకాలు పిల్లల్ని కుందేలుకి అప్పగించి, భయపడుతూనే వాలు దిగింది.

"కొట్టమ్మా, గట్టిగా కొట్టు" అన్నాడు పోలయ్య.

ముక్కుతో కొట్టింది. ఖంగుమంది. నాలుగడుగులు వేసి మళ్ళీ కొట్టింది. ఖంగుమంది. అలా చుట్టూ తిరుగుతూ వెనక వైపుకి వచ్చి కొట్టేసరికి బోలుగా మోగింది.

"ఇదేంటన్నా, ఇక్కడ డొల్లగా ఉంది?"

పోలయ్య గబగబా దగ్గరికొచ్చాడు. "అక్కడ నేను నిండా కట్టానమ్మా."

గీకడం కోడికి ఒకరు నేర్పాలా? నూకాలు రెండు కాళ్ళతో బరబరా గీకింది. పైపైన మెత్తిన మట్టి పెళ్ళలుగా రాలింది. లోపల్నించి ఇంత పొడుగు తోక బయటికి జారింది. తోక వెనకే గురక వినిపించింది.

నూకాలు పెట్టిన కేకకి గుంటంతా దగ్గుకుంటూ దిగివచ్చింది. బయటి గోడలో బొరియ తవ్వుకుని, వెచ్చగా వెల్లకిలా పడుకున్న జంబయ్య ఒళ్ళు విరుచుకుంటూ కళ్ళు తెరిచాడు.

"నేను... ప్రమాదమేమన్నా ఉందేమోనని మీ కోసం చూస్తున్నాను."

నూకాలు అందర్నీ ఓసారి చూసింది. అందరి ఒంటి మీదా వేలెడు మసి. జంబయ్య తోక మాత్రం ఏకిన దూదిలా ఉంది.

"ఒంటి మసి వదిలిపోయేదాకా చూశావన్నమాట. ఒక్క వెంట్రుకైనా రాలిందా తమ్ముడూ?"

జంబయ్య తోకని ఒళ్ళో దాచుకున్నాడు.

"చెప్పేవి శ్రీరంగనీతులూ!" అన్నాడు ఎలుగు. "నీకేమో వెచ్చదనం, మాకేమో పొగా భయమూనా? కొండ దిగి పో."

"నాదీ ఓ తప్పుంది" అన్నాడు పోలయ్య. "గోడని బయటినుంచి తొలిచేవాడు ఉంటాడని నాకు తట్టలేదు. లోపలి రెండూ నిలిచాయి కాబట్టి సరిపోయింది. ఇకనుంచి రోజూ కొట్టి చూడాలి."

"ఆ పని జంబయ్యకే ఇద్దాం" అంది నూకాలు.

"దొంగ చేతికి తాళాలా?"

"గోడలో లోపం వెతకడానికి వీడికన్నా ఆశపడేవాడు మనలో ఎవడున్నాడు పెద్దయ్యా? వీడు కొట్టాక నేనూ కొట్టి చూస్తాను."

బొరియ పూడ్చి, అందరూ తలో చెయ్యి వేసేసరికి మంచు విడవకముందే గొట్టాలు గుంట చేరాయి, నెగడు ఆరింది. నేల వెచ్చబడింది. వారం తిరిగేసరికి చిన్నది దగ్గడం మాని, అన్నల నోటి దగ్గరి నూకలు లాక్కుని తినసాగింది. నూకాలుకి దాన్ని తిట్టడానికి మనసొప్పలేదు. కుందేలు తెల్లబడి, తన రంగు చూసి తనే మురిసిపోయింది.

జంబయ్య మాత్రం పొద్దున్నే తోకంతా మట్టి చేసుకుని, తను తవ్విన బొరియ పూడ్చిన చోటే నిలబడి గోడ కొట్టి చూసేవాడు.

"బాగానే ఉందక్కా."

"ఇంకోసారి కొట్టు తమ్ముడూ" అనేది నూకాలు.

నీతి: భయపెట్టేవాడి మాట వినాల్సిందే, కానీ నమ్మేముందు వాడెక్కడ పడుకుంటున్నాడో చూడాలి.