బొమ్మ మాది, మాట మీది

ఎంగిలి చేత్తో కాకిని కూడా తోలని ప్రెసిడెంటు వీర్రాజు గారు ఎలాగో గోడంత టీవీ కొన్నారు. తీరా చూస్తే దాని గొంతు పీల! దాంతో తండ్రిగారి నాటి స్టీరియోకి వైరు కలిపించి, బీరువాల్లాంటి రెండు బాక్సుల్లోంచి సౌండు వదిలారు. వీధి వీధంతా దద్దరిల్లిపోయింది.

పక్కింట్లో ఇస్త్రీ చేసుకునే నాంచారమ్మ మనవరాలు నెలల పసిగుడ్డు. కన్ను మూస్తే ఒట్టు.

తగ్గించమని అడిగిన వాళ్లందరికీ ఆయనది ఒకటే జవాబు: "నా టీవీ, నా బాక్సులు, నా కరెంటు! మీకేంటి నొప్పి?"

నాంచారమ్మ ఆ మాటే పట్టుకుంది. మర్నాడు పళ్లెంలో అరిసెలు పెట్టుకుని వెళ్లింది.

"మీ కడుపు చల్లగుండ, బాబుగారూ! మా టీవీలో బొమ్మ వస్తోంది గానీ మాట పోయింది. మీ బాక్సులొచ్చాక రిపేరు ఖర్చు తప్పింది. బొమ్మ మాది, మాట మీది!"

అరిసె కొరకబోతున్న వీర్రాజు గారి చెయ్యి ఆగిపోయింది.

"ఒక్క మనవి బాబూ. నిన్న సీరియల్లో కోడలు నిజం చెప్పబోతుంటే మీరు వార్తలు పెట్టేశారు. మా బొమ్మలో ఆ కోడలు నోరు తెరిస్తే తుఫాను హెచ్చరిక వినపడింది! ఇకమీదట ఛానెల్ మార్చేముందు గోడమీంచి ఓ కేకెయ్యండి."

"నా కరెంటుతో నీకు సీరియలా!" అంటూ ఆయన లేచి వెళ్లి వైరు పీకేశారు.

ఆ సాయంత్రం పసిపిల్ల హాయిగా నిద్రపోయింది. నాంచారమ్మ ఏనాడూ మూగబోని తన టీవీ ముందు కూర్చుని, సౌండు బాగా తగ్గించుకుని, కోడలు ఎట్టకేలకు చెప్పిన నిజాన్ని ఒక్క మాట పొల్లుపోకుండా వింది.