పచ్చగుడ్డ

అప్పలయోగిగారిని సందేహం అడిగితే జవాబు దొరికేది కాదు. అడిగినవాడికి ఏదో ఒక పని పురమాయించి ఊరుకునేవారు. మిగిలిన శిష్యులకు ఇది అలవాటే గాని, జోగారావుకు మింగుడుపడేది కాదు. అబద్ధాలు రాయలేక ప్లీడరు దగ్గర గుమాస్తా పని వదులుకుని ఆశ్రమానికి వచ్చినవాడతను.

ఆశ్రమం రైలుపట్టాలకు కూతవేటు దూరంలో ఉండేది. ఆశ్రమంలోనే గవరయ్య అనే ముసలాయన ఉండేవాడు. వయసులో ఉన్నన్నాళ్లూ రైల్వే గేటు కాపలా కాసిన మనిషి. ఇప్పుడు మతిమరుపు జబ్బు ముదిరి, కన్నకూతురి పేరూ పోయింది, అన్నం తిన్నదీ లేనిదీ పోయింది. రైలుకూత మాత్రం పోలేదు. అది వినబడితే చాలు, గేటు వెయ్యలేదని గజగజలాడిపోయేవాడు. ఆ గేటు ఎత్తేసి, వంతెన కట్టి ఏళ్లయింది. ఆ మాట ఎవరు చెప్పినా ఆయనకు ఎక్కేది కాదు. చివరికి యోగిగారు పచ్చ జాకెట్టుగుడ్డ ఒకటి పుల్లకు కట్టి ఆయన చేతికిచ్చారు. అప్పటినుంచీ కూత వినబడగానే గవరయ్య అరుగుమీద నిలబడి, బండి దాటేదాకా జెండా పట్టుకుని, తర్వాత నిమ్మళంగా కూర్చునేవాడు.

జోగారావు ఇక ఉండబట్టలేకపోయాడు.

"గురువుగారూ, నిజాన్ని మించిన ధర్మం లేదన్నది మీరే. ఆ పెద్దాయన చేతిలో గుడ్డపేలిక పెట్టి, లేని గేటు ఉందని నమ్మిస్తున్నదీ మీరే. మతి తప్పినవాడితో అబద్ధమాడితే పాపం అంటదాండీ?"

యోగిగారు కండువా దులిపి భుజాన వేసుకున్నారు. "నాకు ఊళ్లో పనుంది. వచ్చేదాకా గవరయ్య దగ్గర కూర్చో" అని వెళ్లిపోయారు.

జోగారావు జెండాను తన చేతిసంచిలో దాచి, సంచి భుజాన తగిలించుకున్నాడు. ఇవాళ ఈయనకు నిదానంగా, ప్రేమగా నిజం చెప్పాలనుకున్నాడు.

ఎండ వాలుతుండగా కూత వినిపించింది. గవరయ్య చేతులు చాపమీద తడుముకున్నాయి. ఏమీ దొరకలేదు. దిగ్గున లేచాడు.

"గేటు! గేటేసినావేటి?"

"తాతా, కూర్చో. ఆ గేటు ఇప్పుడు లేదు. నీ ఉద్యోగం ఎప్పుడో అయిపోయింది."

"నేదా?" ముసలాయన మొహం పాలిపోయింది. "గేటు నేకపోతే రోడ్డుమీద బళ్లెలా ఆగుతాయిరా? పిల్లలు దాటతన్నారు, కనబడ్డం నేదా?"

మరుక్షణం అరుగు దిగేశాడు. కంచె తలుపు తోసుకుని పట్టాల వైపు పరుగు. ఆ వయసులో అంత వేగం ఎక్కడినుంచి వచ్చిందో! జోగారావు వెనకే పరుగెత్తాడు. కంకరగుట్ట దగ్గర అందుకుని, నడుం చుట్టూ చేతులు వేసి పట్టుకున్నాడు. ముసలాయన అతని మోచెయ్యి కొరికాడు. పెనుగులాటలో ఇద్దరూ మోకాళ్లమీద పడ్డారు. రైలు మలుపు తిరిగింది. కాళ్లకింద నేల అదురుతోంది.

"ఒక్క మాట చెప్పరా బాబూ" అని గవరయ్య అతని చొక్కా పట్టుకుని ఏడ్చాడు. "గేటు పడిందా, నేదా?"

జోగారావు నోరు తెరిచాడు. ఏ మాట చెప్పినా ఈ కళ్లను ఎదుర్కోగలనా అనిపించింది. సంచి జారి పక్కనే పడి ఉంది. ఒక చేత్తో ఆయన్ని పట్టుకునే, రెండో చేత్తో జెండా లాగి ఆయన గుప్పిట్లో పెట్టాడు.

వేళ్లు పుల్లచుట్టూ బిగుసుకున్నాయి. గవరయ్య పెనుగులాట మానేశాడు. లేచి రెండడుగులు వెనక్కి వేశాడు. జోగారావును కూడా రెక్క పట్టి వెనక్కి లాగాడు. వెన్ను నిటారుగా చేసి జెండా చాపాడు. ఇంజను హోరుమంటూ దాటింది. ఒక్కొక్క పెట్టే చూస్తూ, ఆఖరిది పోయేదాకా రెప్ప వెయ్యలేదు. తర్వాత గుడ్డను పుల్లకు చుట్టి, నుదుటి చెమట తుడుచుకున్నాడు. అప్పుడు పక్కకు చూశాడు.

"ఒణికిపోతన్నావేటి బాబూ?" అంటూ జోగారావు వీపు నిమిరాడు. "బెంగెట్టుకోకు. నేనున్నాను కదా."

యోగిగారు తిరిగి వచ్చేసరికి గవరయ్య అరుగుమీద మరమరాలు తింటున్నాడు. జోగారావు మోచేతి గాయానికి పసుపు అద్దుకుంటున్నాడు. జరిగింది దాచకుండా చెప్పి, "తప్పు నాదే గురువుగారూ. అయినా నాకు తెలియడం లేదు. ఆ గుడ్డముక్క చూసి ఏ బండీ నడవదు కదా, దాన్ని నిజమని ఎలా అనుకోమంటారు?" అన్నాడు.

యోగిగారు అతని మోచెయ్యి వెలుతురుకు తిప్పి చూశారు.

"అది బండికి చూపించేదని నీకెవరు చెప్పారు?" అన్నారు.