అద్దం కింద బియ్యం

ఉద్దానం కొబ్బరితోటల్లో ఉండే పరదేశయ్యగారి ఆశ్రమంలో ప్రశ్న అడిగినవాళ్ళకి జవాబు దొరకడం కంటే పని దొరకడం సులువు. జన్మలెందుకని అడిగినవాణ్ణి ఆయన కొబ్బరిపీచు ఒలవమన్నారు. మోక్షం సంగతి తేల్చుకుందామని బరంపురం నుంచి వచ్చిన ప్లీడరుగారు రెండు రోజులు పశువులశాల కడిగి, ఆ మాటే ఎత్తకుండా ఇంటికి వెళ్ళిపోయారు. ఇవన్నీ కళ్ళారా చూసి కూడా కూర్మనాథం మేస్టారు ఒక ఉదయం ఆయన ముందు కూర్చుని నోరు విప్పాడంటే, ఆ మనిషి లోపల ఎంత నలిగిపోయాడో ఊహించుకోవచ్చు.

"పన్నెండేళ్ళు మీ దగ్గర కూర్చున్నాను. ఆ సాధనంతా ఏమైపోయింది గురువుగారూ?"

మేస్టారికి పెళ్ళీ పెటాకులూ లేవు. బడి ఉద్యోగం అయిపోయాక ఆశ్రమంలోనే ఉంటూ, ప్రతి గురువారం ఊరివాళ్ళకి గీత చెప్పేవాడు. దుఃఖం వచ్చినా చలించనివాడే స్థితప్రజ్ఞుడని ఆయన చెబుతుంటే జనం నోళ్ళు తెరుచుకుని వినేవారు. కిందటి నెల తమ్ముడు లోకనాథం నాలుగు రోజుల జ్వరంతో పోయాడు. కబురు విన్న మేస్టారికి తోడుగా ఆ స్థితప్రజ్ఞత గుమ్మం దాకా కూడా రాలేదు. ఊరంతా చూస్తుండగా వెక్కివెక్కి ఏడ్చాడు. దేవుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాడు.

"ఒక్క ఘడియ నిబ్బరంగా ఉండలేకపోయాను. పాడె మోస్తూ ఏడ్చాను, కొరివి పెడుతూ ఏడ్చాను. మరదల్ని రెండు ముద్దలు తినమని బతిమాలుతూ ఏడ్చాను. పదోరోజు భోజనాలకి కూరగాయలు కొంటూ సంతలో కూడా ఏడ్చానండీ. బెండకాయల మనిషి జాలిపడి బేరమాడకుండా ఇచ్చేసింది. ఇంక ఏ మొహం పెట్టుకుని గీత చెప్పను? నాకు సెలవిప్పించండి. ఎటైనా పోతాను."

గురువుగారు "పోదువుగానిలే. వంటశాల కప్పుకి అద్దాలు పెట్టిస్తున్నావుగా, అదయ్యాక వెళ్ళు" అన్నారు.

ఆ వంటశాలలో పట్టపగలే దీపం పెట్టుకోవలసి వచ్చేది. కప్పు మధ్యలో మంచమంత మేర తెరిచి అద్దాలు బిగిస్తే ఆడవాళ్ళకి వెలుతురు వస్తుందని ఆలోచన. పనికి వచ్చిన టెక్కలి ఫిట్టరు గవరయ్యకీ మేస్టారికీ మొదటిరోజే పొసగలేదు. దుకాణంలో మేస్టారు ముచ్చటపడిన టఫెన్డ్ గ్లాసుని సుత్తితో టంగుమని కొడితే గీత కూడా రాలేదు. గవరయ్య ఎంచింది లామినేటెడ్ గ్లాసు. రెండు అద్దాల మధ్య కంటికి కనబడని పలచటి పొర పెట్టి అతికించిన రకం. అదే సుత్తి దెబ్బకి అది నెర్రెలు విచ్చింది.

"పగలనిది ఎదురుగా ఉండగా పగిలేదాన్ని కొనడం ఏమిటయ్యా?" అన్నాడు మేస్టారు, న్యాయంగానే.

"తలుపుకైతే అది బాగుంటాది మేస్టారూ. ఇది నెత్తి మీదికి. ఇదే కావాల" అన్నాడు గవరయ్య. అంతకు మించి విడమరిచి చెప్పే అలవాటు అతనికి లేదు. గురువుగారు కూడా గవరయ్య చెప్పినట్టే కానిమ్మనేసరికి మేస్టారు నోరు మూసుకున్నాడు, మనసులో మాత్రం గొణుగుతూనే ఉన్నాడు.

బిగింపు దగ్గర మళ్ళీ పేచీ. అద్దానికి నాలుగు మూలలా కన్నాలు, కన్నాల్లో స్టీలు బోల్టులు, ఇనుము అద్దానికి తగలకుండా రబ్బరు వాషర్లు. గవరయ్య ప్రతి నట్టూ గట్టిగా బిగించి, మళ్ళీ పావు చుట్టు వెనక్కి తిప్పేవాడు.

"బిగించిందాన్ని వదులు చేస్తావేం?"

"ఎండకి అద్దం సాగుతాది. కదలడానికి జాగా లేపోతే దానికదే చీలిపోద్ది మేస్టారూ."

పని ఎలాగో పూర్తయింది. మర్నాడు పొద్దున్నే వంటశాల నడిమధ్యకి ఎండ దిగింది. ఆ ఎండలో మేస్టారి మరదలు దమయంతి చేట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. మొగుడు పోయాక, పుట్టింట్లో ఎవరూ లేని ఆ మనిషిని తీసుకొచ్చి ఇక్కడ వంటపనిలో కుదిర్చింది మేస్టారే. వచ్చిన దగ్గర్నుంచీ మూలన చీకట్లో కూర్చుంటున్న మనిషి వెలుతురులోకి జరిగిందని చూసి, ఇంక తను వెళ్ళిపోయినా ఫరవాలేదనుకున్నాడు. ఎదుటి గదిలోకి పోయి రెండు పంచెలు సంచిలో సర్దుకోసాగాడు.

ఇంతలో గాలి విసిరింది. వంటశాల మీద ధడేలుమని చప్పుడు, వెనకే ఆడవాళ్ళ కేకలు.

మేస్టారు ఎలా పరిగెత్తాడో ఆయనకే తెలియదు. గుమ్మంలో నిలబడి పైకి చూశాడు. ముదురు కొబ్బరికాయ ఒకటి అద్దం మీద కూర్చుని ఉంది. దాని చుట్టూ అద్దమంతా ఎండిన చెరువులా నెర్రెలు. అయినా బోల్టుల మధ్య ఉన్నది ఉన్నట్టే నిలిచి ఉంది. దాని కిందనే దమయంతి, చేట గుండెలకి హత్తుకుని.

"నాకేటీ అవలేదు బావగారూ" అంది, ఆయన మొహం చూసి.

మేస్టారు ఆమె చేతిలోంచి చేట లాక్కుని బియ్యంలో వేళ్ళు పెట్టి వెతికాడు. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి. వడ్లగింజ ఒకటి దొరికింది. గాజురవ్వ ఒక్కటీ దొరకలేదు. "హమ్మయ్య" అంటూ అక్కడే చతికిలబడ్డాడు. ఏ ధ్యానంలోనూ ఎరగనంత హాయి ఆయన ఒళ్ళంతా పాకింది. మళ్ళీ కళ్ళవెంట నీళ్ళు, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

భయం తీరిన మనిషికి ముందు వచ్చేది కోపం. కూలి డబ్బుల కోసం ఆ పూట ఆగి, ఇప్పుడు నిచ్చెన ఎక్కి బోల్టులు ఒక్కొక్కటే కదిపి చూస్తున్న గవరయ్య మీద విరుచుకుపడ్డాడు. "మొదటే మొత్తుకున్నానా లేదా? ఒక్కరోజు కాలేదు, పగిలిపోయింది చూడు! పగలనిది తెద్దామంటే విన్నావా?"

గవరయ్య పనిచేస్తూనే జవాబిచ్చాడు. "మీరన్నదీ ఎప్పుడో ఒకప్పుడు పగుల్తాది. పగిలిననాడు గంపెడు ముక్కలు అమ్మ నెత్తినే. పగలదని నానన్లేదు మేస్టారూ. పడదని పెట్టాను."

చప్పుడు విని వచ్చిన గురువుగారు అప్పటికే గుమ్మంలో ఉన్నారు. ఆయన ఆ పగుళ్ళని చాలాసేపు చూశారు. ఆ కొబ్బరికాయ దింపమని, పచ్చడికి పనికొస్తుందని గవరయ్యకి చెప్పారు. దమయంతి మళ్ళీ చేట అందుకుని, కాస్త పక్కకి జరిగి, బియ్యం ఏరడం మొదలుపెట్టింది. గురువుగారి చూపు ఆమె మీది నుంచి మెల్లగా మేస్టారి మీదికి తిరిగింది.

"పోయిన నెల పగిలిపోయానన్నావు. పగిలావు, కాదనను. ఎవరి మీద పడ్డావు?"