ఉత్తరం ఉదయమే వచ్చి ఉంటే

ఏటికి ఇవతల ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ప్రచండవర్మ ఏలేవాడు. ఏటి నడుమనున్న లంక కోసం అవతలి రాజుతో యుద్ధం చేసి, ఆరువందల మందిని చంపించుకుని, చివరికి లంకను కూడా పోగొట్టుకుని వచ్చాడు. అయినా మీసం మాత్రం దించలేదు.

ఊళ్లలో జనం ఏడుస్తున్నారు, తిడుతున్నారు. తప్పెవరిదో తేల్చమని రాజు ఆస్థాన పండితుడు సోమావధానికి చెప్పాడు. తనది కాకూడదని వేరే చెప్పనక్కర్లేదు, అవధానికి ఆమాత్రం తెలుసు. మూడు నెలలు కూర్చుని లావుపాటి గ్రంథం రాసుకొచ్చాడు.

యుద్ధం మొదలైన రోజున అవతలి రాజు సంధి కోరుతూ ఉత్తరం పంపాడట. పొద్దుగూకేలోగా జవాబు రాకపోతే దండు ఏరు దాటుతుందని అందులో ఉంది. పడవవాడు పోలయ్య దాన్ని మధ్యాహ్నానికి గాని కోటకు చేర్చలేదు.

"అదే ఉదయం చేరి ఉంటే ప్రభువులు చదివేవారు, జవాబు వెళ్లేది, యుద్ధమే జరిగేది కాదు" అని అవధాని తేల్చేశాడు.

వారం తిరిగేలోగా పోలయ్య తల తీయాలని రాజు ఆజ్ఞ. ఆ రోజు ఏరు పొంగి ఉందని పోలయ్య ఎంత మొత్తుకున్నా వినే నాథుడు లేడు.

కొలువులో వల్లన అనే చతురుడు ఉండేవాడు. ఆ గ్రంథం వింటుంటే అతనికి ఒళ్లు మండింది.

మర్నాడు తెల్లవారుతూనే, అవతలి ఒడ్డు నుంచి వచ్చానంటూ ఒక వార్తాహరుడు లక్క ముద్ర వేసిన ఉత్తరం తెచ్చాడు. రాజు ఎదుట ఏ ఉత్తరం విప్పాలన్నా ముందు ఆయన బిరుదులు నూట ఎనిమిదీ చదవాలి. అది ఆ కొలువు ఆనవాయితీ. భట్టు రాగం తీస్తూ అందుకున్నాడు. యాభయ్యో బిరుదు దగ్గర తడబడితే, రాజు మళ్లీ మొదటినుంచి చదవమన్నాడు. తర్వాత భోజనం, ఆపైన కునుకు. లేచాక, ఎక్కడ ఆపారో ఎవరికీ గుర్తులేక మరోసారి మొదటికొచ్చారు. దీపాలు పెట్టాక గాని ముద్ర విప్పలేదు.

లేఖరి పైకి చదివాడు. "మహారాజా, ఇది రాసింది మీ వల్లన. సూర్యోదయానికే మీ కొలువుకు చేరింది. పొద్దుండగా విప్పి ఉంటే పోలయ్య తల తీయించండి. దీపం వెలుగులో చదువుతుంటే మాత్రం, తప్పు ఏటిదీ కాదు, తెడ్డుదీ కాదు."

అవధాని గొంతు సవరించుకుని, "బిరుదులే ఓ పది తక్కువై ఉంటే..." అని మొదలుపెట్టి, రాజు ముఖం చూసి నాలుక కరుచుకున్నాడు.

ఆఖరికి రాజు పకపకా నవ్వాడు. నవ్వకపోతే మిగిలిన పరువూ పోతుందని ఆయనకూ తెలిసింది. ఆయన నవ్వాక సభంతా నవ్వింది. పోలయ్యను అప్పటికప్పుడు విడిపించి, వల్లనకు పట్టుశాలువా కప్పి, మంచి బిరుదొకటి ఇస్తాను, ఏది కావాలో కోరుకోమన్నాడు.

వల్లన చేతులు జోడించాడు. "మీకు తోచింది ఇవ్వండి మహారాజా. కానీ నా చెవిలో చెప్పండి. కొలువులో చదివించారంటే ఇంకో యుద్ధం వచ్చి పడుతుంది."