జేగురు ముద్ర

ఒకానొక రాజ్యంలో (పేరు చెబితే అక్కడివాళ్లు ఇప్పటికీ నొచ్చుకుంటారు గనుక చెప్పను) రణభైరవుడనే రాజుగారు ఉండేవారు. పరదేశపు రాయబారి ఒకడు వచ్చి నగరంలోని పాత కట్టడాలను మెచ్చుకునేసరికి ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. నూరేళ్లు దాటిన కట్టడాన్ని ఎవరూ ముట్టరాదని, ముట్టినవాడి చేతులకు సంకెళ్లేనని మర్నాడే చాటింపు వేయించారు.

ఆ భారం నగరపాలకుడు చెన్నప్ప నెత్తిన పడింది. పాపం, మంచివాడే గాని రాజాజ్ఞలో అక్షరం దాటని మనిషి. జేగురు ముంత పట్టుకుని వీధివీధీ తిరిగి పాత గోడలకు ఎర్రముద్రలు కొట్టాడు. చావిడి అరుగును ముట్టకుండా దాని మీద కూర్చునేదెలాగని ముసలాళ్లు అడిగితే దానికీ ఒక ముద్ర కొట్టి ముందుకు సాగాడు.

సున్నపు మేస్త్రి ఓబులేసు ఇంటికీ ముద్ర పడింది. ముత్తాతనాటి ఆ ఇంట్లో పడమటి గోడ బీటలు వారింది. వానలు ముదిరేలోగా గచ్చు పెట్టకపోతే అది ఆలుబిడ్డల మీద కూలడం ఖాయం.

"ముట్టకుండా బాగుచేసుకో," అన్నాడు చెన్నప్ప. అదెలాగో తనకే అర్థంకాక తికమకపడ్డాడు.

"అలాగే బాబయ్యా. మరి కోట తలుపు నూటయాభై ఏళ్లది కదా, దానికి ముద్రేదీ?"

నిజమేననిపించింది చెన్నప్పకు. ఆనాడు రాజుగారు వేటకు వెళ్లారు. ఆయన తిరిగొచ్చేదాకా కోట తలుపు మూసి ఉంచడం ఆ ఊరి ఆనవాయితీ. మూసిన తలుపుకు లోపలివైపు ముద్ర కొట్టేశాడు.

మునిమాపువేళ కుండపోతగా వాన అందుకుంది. రాజుగారు వచ్చి తలుపు తెరవమన్నారు. భటులు ముద్ర చూసి, తలుపు ముట్టరాదంటూ చేతులు కట్టుకున్నారు. చెన్నప్ప పరుగున వచ్చి గడియ దాకా చెయ్యి చాచి, వెనక్కి తీసుకున్నాడు. తెరిస్తే ఆజ్ఞ మీరినట్టు, తెరవకపోయినా మీరినట్టే. ఎటూ పాలుపోక ఏడుపొక్కటే తక్కువైంది.

"ఎవడురా ముట్టొద్దన్నది?" అని బయటినుంచి రాజుగారు గర్జించారు.

"తమరే, మహాప్రభూ," అన్నాడు చెన్నప్ప.

అక్కడే కాచుకునున్న ఓబులేసు అప్పుడు తలుపు సందులోంచి, తాను సున్నపు మేస్త్రి ఓబులేసునని చెప్పుకుని మనవి చేశాడు.

"మహాప్రభూ, రోజూ తీస్తూ వేస్తూ, ఏటేటా కీళ్లకు ఆముదం పోస్తూ వచ్చారు గనకే ఈ తలుపు ఇన్నాళ్లు నిలిచింది. అన్ని చేతులు ముట్టబట్టే అది మనదాకా వచ్చింది. ముట్టవద్దంటే ముందు నా గోడ కూలుతుంది, ఆనక తమ కోట. అయినా తమ ఆజ్ఞ మీరి పాతవాటినన్నిటినీ ముట్టినవాడు ఊళ్లో ఒక్కడున్నాడు."

"ఎవడు వాడు?"

"చెన్నప్పగారే. ముట్టకుండా ముద్ర ఎలా పడుతుంది ప్రభూ?"

చెన్నప్ప తన ఎర్రటి చేతులు చూసుకుని నీరుగారిపోయాడు. తలుపుకు అటువైపు ఒక తుమ్ము, వెనకే పెద్ద నవ్వు వినిపించాయి.

"ముట్టు ఓబులేసూ, ముట్టి తెరువు."

తడిసి ముద్దయిన రాజుగారు లోపలికి వస్తూనే ఆజ్ఞలో 'ముట్టరాదు' తీయించి 'చెరపరాదు' అని రాయించారు. తన చేతి కడియం ఓబులేసుకు తొడిగి, ముందు నీ గోడ చూసుకో, తర్వాత నగరపు గోడలన్నీ బాగుచేసే పని నీదేనన్నారు. ముద్రలన్నీ తుడిచెయ్యమని చెన్నప్పకు పురమాయించారు.

చెన్నప్ప తడిగుడ్డ పట్టుకుని తలుపు ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"తుడవాలంటే ముట్టవచ్చునా, ప్రభూ?" అని అడిగాడు.

రాజుగారు పొట్ట పట్టుకుని మళ్లీ నవ్వారు.