ఆరు ఫార్మాట్ల యూజర్ గైడు

ప్రద్యుమ్నకి నలభై రోజులుగా అన్నం సహించడం లేదు. ప్రేమేమో అనుకున్నారు ఇంట్లో. కాదు, ఫార్మాట్లు.

టీకాలు దాచే ఫ్రిజ్‌లని కాపలా కాసే సాఫ్ట్‌వేర్‌కి అతను యూజర్ గైడు రాశాడు. చల్లదనం తగ్గితే కంప్యూటర్ గంట కొడుతుంది. అప్పుడు రెండో మోటారుకి మార్చాలి. ఎలా మార్చాలో గైడులో ఉంది. పీడీఎఫ్‌లో ఉంది, వెబ్ పేజీలో ఉంది, వర్డ్ ఫైల్లో ఉంది, ఈ-పుస్తకాల ఈపబ్‌లో, వీడియోలో, సాఫ్ట్‌వేర్ లోపలే తెరుచుకునే హెల్ప్‌లో కూడా ఉంది.

"రెండు చాలు, మిగతావి తీసెయ్," అన్నాడు మేనేజరు.

ఏది తీసినా ఎవరో ఒకరికి అందకుండా పోతుంది. ప్రద్యుమ్న ఒక్కోదాన్నీ చెరిపేసి, జాలిపడి, మళ్లీ తెచ్చి పెట్టుకుంటున్నాడు. చివరికి తన వల్ల కాదని రాజీనామా రాశాడు. అదీ వర్డ్‌లో ఒకటి, పీడీఎఫ్‌లో ఒకటి.

ఆ రెండిటినీ ప్రింటు తీసుకుని వేదవల్లి గారి దగ్గరికి వెళ్లాడు. నీళ్ల మోటార్లతో మొదలుపెట్టి ముప్ఫై ఏళ్లుగా గైడులు రాస్తున్న మనిషి. అతనికి చిన్న వాక్యం రాయడం నేర్పింది ఆవిడే.

"ఏ రెండు ఉంచను మేడమ్? ఏది ఉంచినా ఎవరికీ పనికిరాదేమో అనిపిస్తోంది."

ఆవిడ రాజీనామా చదవలేదు. ఫోన్ తీసి ఒక నంబరు కొట్టి, స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచారు.

"చిలకమ్మా, పొద్దున నాతో చెప్పింది ఇంకోసారి చెప్తావా? గైడు రాసినతను పక్కనే ఉన్నాడు."

చిలకమ్మ వేదవల్లి గారికి తెలిసిన మనిషి, కొండ మీది ఆస్పత్రిలో టీకాలు చూసుకునే నర్సు.

"నిన్న గంట మోగిందండి. కంప్యూటర్లో హెల్ప్ నొక్కితే పాస్‌వర్డ్ అడిగింది. అది డాక్టరు గారికే తెలుసు. ఆయన సెలవు."

"మిగతావి చూడలేదా అండీ?" అన్నాడు ప్రద్యుమ్న.

"అన్నీ చూశాను బాబూ. వెబ్ పేజీకి నెట్ కావాలి కదా, మాకు గోడెక్కి నిలబడితే ఒక గీత వస్తాది. వీడియో తిరుగుతానే ఉంది. పీడీఎఫ్ ఫోన్లో చీమల బారులాగుంది, వేలితో పెద్దది చేస్తే సగం మాట పక్కకి పోయింది. వర్డ్ ఫైల్లో నాకు ముందు పనిచేసినమ్మాయి గైడు చెరిపేసి పండగ సెలవుల లిస్టు రాసుకుంది. ఇంకోటేదో ఉంది, దాన్ని నా ఫోను తెరవనంది."

"మరేం చేశారు?"

"అన్నిటి మొదట్లోనూ ఒక ఫోన్ నంబరుంది కదా. అదొక్కటే బాగా కనబడింది. ఆస్పత్రి ల్యాండ్‌లైన్ నుంచి పదకొండు సార్లు చేశాను. ముందు మోగింది, ఎవరూ ఎత్తలేదు. తర్వాత ఎంగేజ్."

"ఎన్నింటికమ్మా?" అన్నారు వేదవల్లి గారు. అతని వైపు చూడలేదు.

"మధ్యాహ్నం మూడింటికండి."

ఆ నంబరు మోగేది ప్రద్యుమ్న బల్ల మీదే. నిన్న మూడింటికి ఈపబ్‌లో విషయసూచిక కుదరక అతను తంటాలు పడుతుంటే ఫోన్ ఒకటే గోల పెట్టింది. రిసీవర్ తీసి పక్కన పడుకోబెట్టాడు. విషయసూచిక చక్కగా కుదిరింది.

"టీకాలు?" అన్నాడు.

"పోయాయి బాబూ. మూడు పెట్టెలూ. రేపు టీకాల రోజు. తల్లులు చంటిపిల్లల్నెత్తుకుని ఎక్కడెక్కడి నుంచో నడిచొస్తారు. రావద్దని కబురంపే దారి కూడా నేదు. ఏటని చెప్పాలో."

వేదవల్లి గారు ఫోన్‌ని అతని వైపు జరిపారు.

"లైన్‌లోనే ఉంది నాయనా."

ప్రద్యుమ్న నోరు తెరిచాడు. ఆరింట్లో ఒక్కదానిలోనూ మాట రాలేదు. అవతల నోట్‌బుక్‌లోంచి కాగితం చింపిన చప్పుడు వినిపించింది.

"ఆ మోటారు మార్చేది చెప్పండి బాబూ, రాసుకుంటాను," అంది చిలకమ్మ. "మెల్లగా చెప్పండి."